అమ్మ ఎక్కడ ఉండాలి? – ఆసరా అవసరమైన వారి సంరక్షణ, నివాసం గురించి కుటుంబ పాఠం



ఈ వారం మన పాఠాన్ని ఒక ఉదాహరణతో ప్రారంభిద్దాం. ఇది ఏ ఒక్కరి కుటుంబాన్నీ ఉద్దేశించి చెప్పేది కాదు. మన విచారణలలో చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో డెబ్బై ఆరేళ్ల తల్లి ఉంది. భర్త చనిపోయి ఎనిమిదేళ్లయింది. పెద్ద కొడుకు గుంటూరులో గుమాస్తా. భార్యాబిడ్డలతో మేడమీద రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాడు. కూతురు హైదరాబాదులో టీచరు. ఆఖరివాడికి ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉన్నవాడు కావడంతో తల్లి దగ్గరే ఉంటాడు. వాడికి స్నానం చేయించేది, అన్నం కలిపి పెట్టేది, ఆదివారం గుడికి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లేది ఆ తల్లే.

ఒక వానాకాలపు రాత్రి ఆమె స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పట్నంలో ఆపరేషన్ జరిగింది. తొమ్మిదో రోజున డాక్టరుగారు వచ్చి, “రేపు ఇంటికి తీసుకువెళ్లవచ్చు” అన్నారు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పెరిగాయి.

“మా ఇల్లు మేడమీద. అమ్మ మెట్లెలా ఎక్కుతుంది?” అన్నాడు అన్న. “నేను ఉదయం ఏడింటికి స్కూలుకు వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తాను. పగలంతా ఎవరు చూస్తారన్నయ్యా?” అంది చెల్లెలు. “నేనొక్కదాన్నే అత్తమ్మను ఎత్తి దించలేను” అంది కోడలు మెల్లగా. ఎవరో బంధువు “ఆశ్రమంలో చేర్పించరాదూ?” అన్నాడు. “అమ్మను ఆశ్రమంలో వేస్తే నలుగురూ మన ముఖాన ఉమ్మెయ్యరూ?” అని అన్న కోపగించుకున్నాడు. చివరకు ఏమీ తేలలేదు.

ఈ మాటల్లో రెండు సంగతులు ఎవరికీ గుర్తు రాలేదు. లోపల మంచంమీద ఉన్న తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు. తొమ్మిది రోజులుగా పక్కింటివారి దయమీద బతుకుతున్న తమ్ముడి మాట ఎవరూ ఎత్తలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు నిండినవారు సుమారు 10.4 కోట్ల మంది. పిల్లలు ఉద్యోగాల కోసం పట్టణాలకు, గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వెళ్లిపోయిన ఇళ్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎన్నో. కనుక ఆ వరండాలో నిలబడవలసిన రోజు మనకూ రావచ్చు. ఆ రోజుకు ముందే కొన్ని సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది.

1. ప్రశ్నను మార్చుకుందాం

“ఇల్లా, ఆశ్రమమా?” అనే ప్రశ్నతో మొదలుపెడితే వాదన తప్ప దారి దొరకదు. ముందుగా వేసుకోవలసిన ప్రశ్న వేరు: “ఈ మనిషికి ఈ రోజు ఏ పనిలో, ఏ వేళలో, ఎంత సాయం కావాలి?”

వైద్యులు, నర్సులు ఇందుకు ఆరు పనులను గమనిస్తారు. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచంమీదనుంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తనంత తానుగా అన్నం తినడం. ఒక కాగితంమీద ఈ ఆరూ రాసి, ఒక్కొక్క దానికి ఎదురుగా “తానే చేసుకోగలరు”, “కొంత సాయం కావాలి”, “పూర్తిగా మరొకరు చేయాలి” అని గుర్తు పెట్టండి. దాని కింద మరి మూడు ప్రశ్నలు రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేపాలి? మందులు తానే సరిగా వేసుకోగలరా? ఒంటరిగా వదిలితే దారి తప్పడం, పొయ్యి ఆర్పడం మరచిపోవడం వంటి ప్రమాదం ఉన్నదా?

ఆ కాగితం చేతిలో ఉంటే సగం వాదనలు తగ్గిపోతాయి. పట్టుకుని నడిపించే మనిషి ఉంటే చాలునన్న వారికి ఒక ఏర్పాటు సరిపోతుంది. రాత్రి నాలుగుసార్లు లేపవలసిన వారికి మరొక ఏర్పాటు కావాలి. డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి ఉన్నవారు ఆరు పనులూ చేసుకోగలిగినా, కనిపెట్టుకుని ఉండే మనిషి లేనిదే క్షేమంగా ఉండలేరు.

మరొక ముఖ్యమైన సంగతి. ఆపరేషన్ అయిన మొదటి వారంలో మనిషి ఉన్న స్థితి శాశ్వతం కాదు. తుంటి ఎముక ఆపరేషన్ తరువాత వ్యాయామం సరిగా చేయిస్తే, వాకరు పట్టుకుని నడిచి మళ్లీ తమ పని తాము చేసుకునేవారు ఉన్నారు. కొందరికి అది సాధ్యం కాకపోవచ్చు. అందువల్ల మొదటి మూడు నెలలకు ఒక తాత్కాలికమైన ఏర్పాటు చేసుకుని, ఆ తరువాత మళ్లీ కూర్చుని ఆలోచించుకోవాలి. వరండాలో నిలబడి జీవితాంతానికి తీర్పు చెప్పకూడదు. ఇల్లు అమ్మడం, ఆస్తి పంచడం వంటి పనులను ఆ వారంలో అసలే తలపెట్టకూడదు.

2. మన ముందున్న మార్గాలు

సంరక్షణ అనేది ఒక మెట్ల వరుస వంటిది. కింది మెట్టునుంచి చూద్దాం.

సొంత ఇంట్లోనే, చిన్న మార్పులతో: చాలామంది పెద్దలు కోరుకునేది ఇదే. మరుగుదొడ్డి గోడకు పట్టుకునే కడ్డీలు, ఎత్తుగా కూర్చునే కమోడు, జారని నేల, మంచంనుంచి మరుగుదొడ్డి వరకు రాత్రంతా వెలిగే చిన్న దీపం, కాలికి తగిలే గడపకు ఒక వాలుపలక – వీటికయ్యే ఖర్చు మరో ఆపరేషన్‌కయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. మన కథలోని తల్లి ఇంట్లో ఆ కడ్డీ ఒక్కటి ఉండి ఉంటే!

ఇంటికి వచ్చే సాయం: ఇందులో ఆయా వేరు, నర్సు వేరు. స్నానం, బట్టలు, నడిపించడం ఆయా చేయగలదు. ఇంజెక్షను, పుండుకు కట్టు, మూత్రపు గొట్టం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం – ఇవి శిక్షణ పొందిన నర్సు పనులు. ఆయాతో నర్సు పని చేయించడం ప్రమాదం. కేవలం నడిపించడానికి నర్సును పెట్టుకోవడం దుబారా. ఏజెన్సీ ద్వారా మనిషిని తీసుకుంటే గుర్తింపు పత్రాలు, పోలీసు విచారణ, సెలవురోజు బదులు మనిషి, జీతం ఎవరి చేతికి ఇవ్వాలి అనేవి ముందే రాయించుకోండి. ఒక్క మనిషిని పెట్టుకుని ఇరవై నాలుగు గంటలూ పని చేయించాలనుకోవడం న్యాయం కాదు. ఆమెకూ నిద్ర, వారానికొక సెలవు కావాలి. మంచం పట్టిన వారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి. ఎలా తిప్పాలో ఆసుపత్రిలో ఉన్నప్పుడే నర్సును అడిగి, ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి.

పగటి సంరక్షణ కేంద్రాలు: ఉదయం తీసుకువెళ్లి సాయంత్రం తీసుకురావడం. ఇంట్లోవారు ఉద్యోగాలకు వెళ్లే కుటుంబాలకు, బుద్ధిమాంద్యం ఉన్న పెద్దలకు ఇది ఎంతో మేలు. ఇవి ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి.

కొద్దికాలపు వసతి: ఆసుపత్రినుంచి వచ్చిన తరువాత కొన్ని వారాలు ఉంచుకుని వ్యాయామం చేయించే కేంద్రాలు హైదరాబాదు వంటి నగరాల్లో ఉన్నాయి. కొన్ని ఆశ్రమాలు కూడా సేవ చేసేవారికి విశ్రాంతి కోసం రోగిని పది పదిహేను రోజులు ఉంచుకుంటాయి.

విశ్రాంత నివాసాలు: తమ పని తాము చేసుకోగలిగిన పెద్దలు డిపాజిట్టు కట్టి గానీ, ఇల్లు కొనుక్కుని గానీ కలిసి ఉండే సముదాయాలు ఇవి. భోజనం, కాపలా, పిలిస్తే పలికే మనిషి ఉంటారు. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ వీటికి నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. చేరేముందు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: “రేపు నేను మంచం పడితే ఇక్కడే చూస్తారా, వేరే చోటు వెతుక్కోమంటారా?”

వృద్ధాశ్రమాలు: ఉచితమైనవి ఉన్నాయి, నెలకు ఇంత అని కట్టవలసినవి ఉన్నాయి. చాలా ఆశ్రమాలు నడవగలిగిన వారినే చేర్చుకుంటాయి. మంచంలో ఉన్నవారికి రాత్రిపూట కూడా నర్సు ఉండే సంరక్షణ గృహం కావాలి. రెండింటి బోర్డుమీదా “వృద్ధాశ్రమం” అనే ఉండవచ్చు. బోర్డును నమ్ముకోకండి, లోపల ఏ సేవ ఉన్నదో అడగండి.

ఉపశమన చికిత్స: వ్యాధి నయం కాదని తెలిసిన తరువాత కూడా నొప్పి, ఆయాసం తగ్గించి, మనిషిని గౌరవంగా చూసే వైద్యం ఇది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఉపశమన కేంద్రాలు ఏర్పడ్డాయి. వాటి బృందాలు రోగి ఇంటికి వెళ్లి కూడా చూస్తాయి. “ఇక చేసేదేమీ లేదు” అని ఎవరైనా అంటే, “ఉపశమన చికిత్స ఎక్కడ దొరుకుతుంది?” అని అడగండి.

3. ఆశ్రమంలో చేర్చడం పాపమా?

మన విశ్వాసులను లోలోపల బాధపెట్టే ప్రశ్న ఇదే. తల్లిదండ్రులను గౌరవించమన్నది దేవుని ఆజ్ఞ. ముసలితనంలో తండ్రి మతి తప్పినా అతన్ని తృణీకరించవద్దని, ఓపికతో ఆదరించమని సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము మూడవ అధ్యాయం చెబుతుంది. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని దేవునికి అర్పితం చేశామని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు గద్దించిన సంగతి మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఉంది. కాబట్టి బాధ్యతనుంచి తప్పించుకోవడానికి ఏ సాకూ పనికిరాదు, భక్తి అనే సాకు కూడా.

అయితే బాధ్యత వేరు, చోటు వేరు. సిలువమీద ప్రభువు తన తల్లికి ఒక నివాసాన్ని ఏర్పాటు చేసిన తీరును యోహాను సువార్త పందొమ్మిదవ అధ్యాయంలో చదవండి. ఆమె ఎదుటనే ఆ ఏర్పాటు చేశారు. ఎవరో ఒకరు చూస్తారులే అనకుండా ఒక మనిషికి అప్పగించారు. ఆ శిష్యుడు ఆ గడియనుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. ఆ ఇల్లు ఆమె కన్నబిడ్డ ఇల్లు కాదు. అయినా ఆమె అనాథ కాలేదు.

వృద్ధులకు ఇల్లు ఇచ్చే సేవ మన శ్రీసభకు కొత్త కాదు. ఫ్రాన్సు దేశంలోని సెయింట్ సెర్వాన్‌లో 1839వ సంవత్సరపు చలికాలంలో జాన్ జుగన్ అనే నలభై ఏడేళ్ల పేద స్త్రీ, చూపులేని, పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మను తన గదికి తీసుకువచ్చి తన మంచం ఆమెకు ఇచ్చింది. తాను అటకమీద పడుకుంది. ఆ ఒక్క మంచంనుంచే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే మఠకన్యల సభ పుట్టింది. సికింద్రాబాదులో కూడా వారి వృద్ధాశ్రమం ఉంది. 2009 అక్టోబరు 11న పదహారవ బెనెడిక్ట్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అటువంటి ఇంటిలో ఉండే పెద్దలు దిక్కులేనివారని మనం అనగలమా?

కనుక పాపం ఎక్కడుంది? చేర్చడంలో కాదు, చేర్చి మరచిపోవడంలో ఉంది. మరో మాట కూడా చెప్పాలి. పెద్ద ఇంట్లోనే ఉంచుకుని, వెనుక గదిలో పడేసి, పలకరించకుండా పళ్లెం తోసేవారు కూడా తల్లిని విడిచిపెట్టినవారే.

4. చేర్చేముందు చూడవలసినవి

ఏ ఆశ్రమాన్నైనా కనీసం రెండుసార్లు చూడండి. ఒకసారి చెప్పి వెళ్లండి, ఒకసారి చెప్పకుండా భోజన సమయంలో వెళ్లండి. వాసన చూడండి. మరుగుదొడ్లు చూడండి. పెద్దవాళ్ల గోళ్లు, జుట్టు శుభ్రంగా ఉన్నాయేమో చూడండి. అక్కడ ఉన్న ఒకరితో ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఆలోచించుకోవాలి.

అడగవలసిన ప్రశ్నలు: రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉంటారు? డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తారు? జబ్బు ముదిరితే ఏ ఆసుపత్రికి, ఎవరి ఖర్చుమీద? నెలకు ఎంత, అందులో ఏవి కలవవు? డిపాజిట్టు తిరిగి ఇస్తారా, ఎంత ఇస్తారు? చూడటానికి ఎప్పుడైనా రావచ్చా? ఫోను ఆమె దగ్గరే ఉండవచ్చా? గురువులు వచ్చి దివ్యసత్ప్రసాదం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి వీలుందా? నచ్చకపోతే తిరిగి రావచ్చా? జవాబులను కాగితంమీద తీసుకోండి.

వీలైతే మొదట నెల రోజులు ఉండి చూసేటట్టు ఏర్పాటు చేయండి. ఆమె మంచంమీది దుప్పటి, జపమాల, పెళ్లినాటి ఫోటో వెంట పంపండి. చిన్న వస్తువులే అయినా కొత్త చోట మనసు నిలవడానికి అవే ఆధారం.

5. చట్టం ఏమంటున్నది?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ముఖ్యమైన సంగతులు ఇవి.

తమ సంపాదనతోగానీ ఆస్తితోగానీ తమను పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లలనుంచి పోషణ కోరవచ్చు. పిల్లలు లేని అరవై ఏళ్లు నిండినవారు, తమ ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువునుంచి కోరవచ్చు. దరఖాస్తు రెవెన్యూ డివిజనల్ అధికారి, అంటే ఆర్డీవో, అధ్యక్షత వహించే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. తాము వెళ్లలేకపోతే మరొకరి ద్వారా పంపవచ్చు. నోటీసు అందిన తరువాత తొంభై రోజుల్లో తేల్చాలని, ప్రత్యేక కారణాలుంటే మరో ముప్పై రోజులు పొడిగించవచ్చని చట్టం చెబుతుంది. ఈ చట్టం కింద పోషణ మొత్తానికి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. వృద్ధులను తమ సంరక్షణలో ఉంచుకుని ఎక్కడో విడిచిపెట్టి వెళ్లిపోయేవారికి మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. జిల్లాకు ఒకటి చొప్పున కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను రాష్ట్రాలు దశలవారీగా నెలకొల్పవచ్చునని పందొమ్మిదవ సెక్షను చెబుతుంది.

ఆస్తి విషయంలో ఇరవై మూడవ సెక్షనును ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. “నన్ను చూసుకోవాలి” అనే షరతుతో ఆస్తిని దానంగా రాసి ఇచ్చిన తరువాత, తీసుకున్నవారు చూడకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. కాని అటువంటి షరతు ఉన్నట్టు తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. వృద్ధుల మేలుకోసం వచ్చిన ఈ చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరొక తీర్పులో అన్నది. మనం నేర్చుకోవలసినది ఒక్కటే. నోటిమాటమీద ఆస్తి రాయకండి. రాసేటట్టయితే, చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. వీలునామా అయితే మీ మరణానంతరమే అమలులోకి వస్తుంది, బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందుచేత చాలామందికి అదే క్షేమం.

సలహాకోసం వయోవృద్ధుల సహాయ ఫోను 14567 ఉంది. మానసిక ఆందోళనకు, నిద్రలేమికి, సేవ చేసేవారి కుంగుబాటుకు టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు.

6. తమ్ముడి సంగతి

“నా తరువాత వీడికి ఎవరు?” – బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను పెంచే తల్లి రాత్రిళ్లు పడుకోనివ్వని ప్రశ్న ఇది. దీనికి తల్లి బతికుండగానే జవాబు వెతకాలి.

మొదటిది గుర్తింపు. సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ఉండాలి. వీటిమీదే పింఛను, ఇతర సాయాలు ఆధారపడి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుంచి వృద్ధాప్య పింఛనును నెలకు 4,000 రూపాయలకు, వికలాంగుల పింఛనును 6,000 రూపాయలకు పెంచారు. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలకు పెంచారు.

రెండవది సంరక్షకుని నియామకం. పద్దెనిమిదేళ్లు నిండిన తరువాత తల్లిదండ్రులు కూడా తమంతట తాము చట్టపరమైన సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. తల్లి తరువాత అన్నయ్యా, అక్కా, ఎవరు ఆ బాధ్యత తీసుకుంటారో కుటుంబం కూర్చుని నిర్ణయించుకోవాలి.

మూడవది నివాసం. ఇటువంటి పెద్దలు కొద్దిమంది ఒక ఇంట్లో సహాయకులతో కలిసి జీవించే వసతి గృహాలకు నేషనల్ ట్రస్టు పథకాలున్నాయి. నిరామయ అనే ఆరోగ్య బీమా పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు లభిస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరు ప్రభుత్వోద్యోగి అయి ఉంటే, సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు కుటుంబ పింఛను నియమాలు ఉన్నాయి. ఆ బిడ్డ పేరును తల్లిదండ్రులు ఉండగానే కార్యాలయంలో నమోదు చేయించండి.

నాలుగవది అలవాటు. వాడు ఏనాడూ తల్లిని విడిచి ఒక రాత్రి గడపకపోతే, ఆమె పోయిన రోజున రెండు దుఃఖాలు ఒకేసారి మీద పడతాయి. నెలకు రెండు రోజులు అక్క ఇంట్లోనో, పగటి కేంద్రంలోనో ఉండటం ఇప్పటినుంచే అలవాటు చేయాలి. వాడికి ఏది ఇష్టం, దేనికి భయపడతాడు, ఏ మందు ఎప్పుడు వేయాలి అనేవి ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచాలి. అవి తల్లికి తప్ప మరెవరికీ తెలియవు.

7. సేవ చేసేవారికి సేవ

మన ఇళ్లలో ఈ బరువు ఎక్కువగా ఒక్క స్త్రీమీదే పడుతున్నది. కోడలో, పెళ్లికాని కూతురో. నడుము నొప్పి, నిద్రలేమి, కోపం, ఆ కోపానికి పశ్చాత్తాపం – పాప సంకీర్తనం చేసే వేళ కొందరు చెప్పుకునేది ఇదే. అటువంటి సోదరికి ఉపదేశంకంటే ముందు విశ్రాంతి కావాలి. దూరాన ఉన్నవారు డబ్బు పంపడంతో సరిపెట్టుకోకుండా, సంవత్సరానికి కొన్ని వారాలు వచ్చి ఆ పని తామే చేయాలి. అప్పుడే ఆ బరువు తెలుస్తుంది.

విచారణ కూడా చేయగలిగింది ఉంది. విన్సెంట్ డి పాల్ సభవారు, స్త్రీల సంఘంవారు, యువతీ యువకులు కలిసి మంచం పట్టినవారి జాబితా తయారుచేసుకుని, వారానికి రెండు గంటలు ఒక్కో ఇంట్లో కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు గుడికో బజారుకో వెళ్లిరాగలదు. వాకరు, చక్రాల కుర్చీ, కమోడు కుర్చీ విచారణలో రెండేసి ఉంచుకుని అవసరమైన వారికి ఇచ్చి పుచ్చుకోవచ్చు. 2021లో దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు జూలై నాలుగవ ఆదివారాన్ని తాతామామ్మల, వృద్ధుల దినంగా ఏర్పాటు చేశారు. ఆ రోజు శాలువాలు కప్పడంతో ఆగకుండా, ఈ పనికి నాంది పలికితే బాగుంటుంది.

8. ఆ కుటుంబం ఏం చేసుకోవచ్చు?

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. ఆ రాత్రి కూతురు తల్లి పక్కన కూర్చుని, “అమ్మా, నువ్వెక్కడ ఉంటావు?” అని అడిగిందనుకోండి. ఆమె ఏమంటుంది? “నన్ను ఎక్కడ ఉంచినా సరేనమ్మా, చిన్నోణ్ని మాత్రం నాకు కనబడేటట్టు ఉంచండి” అనవచ్చు. వరండాలో గంటసేపు వాదించినా తెలియని సంగతి ఒక్క ప్రశ్నతో తెలుస్తుంది.

అప్పుడు ఇలా చేసుకోవచ్చు. మూడు నెలలు పల్లెలోని సొంత ఇంట్లోనే. పగటికి ఒక ఆయా, వారానికి రెండుసార్లు వ్యాయామం నేర్పేవారు. అన్న శనివారం రాత్రి వచ్చి సోమవారం ఉదయం వెళ్తాడు. కూతురు వేసవి సెలవులు అక్కడే గడుపుతుంది. డబ్బు ముగ్గురి తరఫునా ఒకే ఖాతాలో వేసి, లెక్క పుస్తకంలో రాసుకుంటారు. తమ్ముడికి సదరం పత్రం, సంరక్షకుని దరఖాస్తు ఈలోగా పూర్తి చేస్తారు. మూడు నెలల తరువాత మళ్లీ కూర్చుంటారు. తల్లి నడవగలిగితే అదే ఏర్పాటు సాగుతుంది. నడవలేకపోతే, తల్లీకొడుకులిద్దరూ దగ్గర దగ్గరగా ఉండగలిగే సంరక్షణ గృహాలను అప్పటికే చూసి ఉంచుకుంటారు. అక్కడ చేర్చినా ఏ వారం ఎవరు వెళ్లి చూడాలో గోడమీది క్యాలెండరులో రాసి ఉంటుంది.

ఇది అందరికీ సరిపోయే జవాబు కాదు. డబ్బు లేని ఇల్లు ఉంటుంది, మనుషులు లేని ఇల్లు ఉంటుంది. కాని ఎవరైనా చేయగలిగినవి నాలుగు ఉన్నాయి: ఆ మనిషిని అడగడం, కావలసిన సాయాన్ని కాగితంమీద రాయడం, ఒక్కరిమీదే వేయకుండా పంచుకోవడం, ఎక్కడ ఉంచినా వెళ్లి చూస్తూ ఉండటం.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించడానికి:

1. మన ఇంట్లో పెద్దవారు రేపు మంచం పడితే ఎక్కడ ఉండాలని కోరుకుంటున్నారు? వారిని ఎప్పుడైనా అడిగామా?
2. పైన చెప్పిన ఆరు పనుల్లో ఇప్పటికే ఎవరికి ఏ సాయం అవసరమవుతున్నది?
3. మన ఇంటి స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉన్నదా? రాత్రి దీపం ఉన్నదా?
4. మన ఇంట్లో గానీ, మన వీధిలో గానీ సేవ చేసి అలసిపోయినవారు ఎవరు? ఈ వారం వారికి రెండు గంటల విశ్రాంతి మనం ఇవ్వగలమా?
5. మన బంధువుల్లో ఆశ్రమంలో ఉన్నవారిని చివరిసారి ఎప్పుడు చూసివచ్చాం?